చేతిలో పట్టే చెస్ పెట్టెకు రేటింగ్ కట్టడం: నల్లగొండ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్: పెట్టెలో ఏముంది, ఏం తేల్చాలి

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు హాస్టళ్ళలో చదరంగం నేర్చుకునే పిల్లల కోసం తయారవుతున్న చిన్న పెట్టె ఇది. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. మీటలు నొక్కి ఎత్తు వేస్తే, పెట్టె ఆలోచించి జవాబు ఎత్తు చూపిస్తుంది. తక్కువ స్థాయి నుంచి ఎక్కువ స్థాయి దాకా మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు పక్కన ఒక రేటింగ్ అంకె రాయాలి. పిల్లలు ఆ అంకెను నమ్ముతారు, తమ ఆటను దాంతోనే కొలుచుకుంటారు. కాబట్టి పెట్టె మీద 1200 అని రాస్తే ఆ 1200 ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపించగలగాలి. ఈ డైరీ అంతా ఆ ఒక్క పని గురించే.

సామాను: ఈఎస్‌పీ32 వ్రూమ్ అనే మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి (240 మెగాహెర్ట్జ్, రెండు కోర్లు, 520 కిలోబైట్ల ఎస్‌ర్యామ్, 4 మెగాబైట్ల ఫ్లాష్), 1.3 అంగుళాల ఓఎల్‌ఈడీ తెర, ఐదు పుష్ బటన్లు, ఒక 18650 సెల్లు, దానికి టీపీ4056 చార్జింగ్ మాడ్యూల్. బోర్డు, తెర హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. సెల్లు, వైర్లు, సోల్డరు నల్లగొండలోనే మొబైల్ రిపేరు షాపుల్లో దొరుకుతాయి. 3.3 వోల్టుల పట్టాకు, గ్రౌండుకు మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టాలి. అది లేకపోతే తెర ఒక్కసారిగా వెలిగినప్పుడు వోల్టేజి కుంగి బోర్డు తనంతట తాను రీసెట్ అవుతుంది. ఆట మధ్యలో రీసెట్ అయిందంటే ఆ ఆట పోయినట్టే.

ప్రోగ్రాం సీ భాషలో ఉంది. 128 గళ్ళ బోర్డు (అంచు దాటిన ఎత్తులను పట్టుకోవడానికి అదనపు గళ్ళు కలిపి), పనికిరాని దారులను వదిలేస్తూ పోయే ఆల్ఫా-బీటా వెతుకులాట, చంపుడు ఎత్తులను చివరిదాకా చూసే భాగం, ఒక్కో లోతూ పెంచుకుంటూ పోయే పద్ధతి, చూసిన స్థానాల ఫలితాలు దాచుకునే చిన్న హాష్ పట్టిక. అదే కోడు ల్యాప్‌టాప్‌లోనూ కంపైల్ అవుతుంది. ఈ చివరి విషయమే ప్రాజెక్టుకు ప్రాణం.

పెట్టె మీద వేల ఆటలు ఎందుకు ఆడించలేం

మిడిల్ గేమ్‌లో పెట్టె సెకనుకు సుమారు 12,000 నోడ్లు (వెతుకులాటలో ఎదురయ్యే స్థానాలు) చూస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఒక్క కోరు మీద అదే ప్రోగ్రాం సుమారు 12 లక్షలు చూస్తుంది. అంటే నిష్పత్తి వందకు ఒకటి.

పై స్థాయికి ఎత్తుకు 30 సెకన్లు ఇచ్చామనుకుందాం. ఆటకు 60 ఎత్తులు పడితే పెట్టె ఒక్కటే అరగంట తీసుకుంటుంది. ప్రత్యర్థి క్షణంలో జవాబిచ్చినా రోజుకు 48 ఆటలు మించవు. వెయ్యి ఆటలంటే ఇరవై ఒక్క రోజులు, అదీ కరెంటు పోకుండా ఉంటే. అదే పని ల్యాప్‌టాప్‌లో ఎత్తుకు 0.3 సెకన్ల లెక్కన చేస్తే ఒక ఆటలో మన ప్రోగ్రాం వాటా 18 సెకన్లు.

అందుకని పెట్టె మీద వందల ఆటలు ఆడించి రేటింగ్ కట్టే దారి వదిలేశాం. దాని బదులు రెండు పనులు. మొదటిది, పెట్టెలోని ప్రోగ్రామూ ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామూ ఒకే నోడ్ల పరిమితికి ఒకే ఎత్తు వేస్తాయని రుజువు చేయడం. రెండోది, ల్యాప్‌టాప్‌లో ఆ నోడ్ల పరిమితితో వేల ఆటలు ఆడించడం. మొదటిది గట్టిగా నిలబడితే రెండోదాంట్లో వచ్చిన అంకె పెట్టెకు చెందినదే అవుతుంది. సుమారుగా కాదు, అచ్చంగా.

ఏప్రిల్ చివర: రెండు చోట్లా ఒకే సంతకం

మొదట పర్ఫ్ట్ అనే లెక్కింపు పరీక్ష. ఆరంభ స్థానం నుంచి అన్ని చెల్లే ఎత్తులనూ లెక్కబెడితే లోతు 1 నుంచి 5 వరకు 20, 400, 8,902, 1,97,281, 48,65,609 రావాలి. ఆరంభ స్థానం ఒక్కటే చాలదు, ఎందుకంటే ఆ లోతుల్లో కోట కట్టడం అసలు రాదు, బంటు ప్రమోషనూ రాదు. కివీపీట్ అని పేరున్న పరీక్షా స్థానం ఇందుకు బాగా పనికొస్తుంది. దాని అంకెలు 48, 2,039, 97,862. ఇవి పెట్టెలో కూడా అక్షరాలా అలాగే రావాలి.

పర్ఫ్ట్ దాటితే ఎత్తులు పుట్టించే భాగం సరైనదని మాత్రమే తెలుస్తుంది. తర్వాత అసలు పరీక్ష: కొన్ని స్థానాలు తీసుకుని, ఒక్కోదాన్నీ స్థిరమైన లోతు వరకు వెతికించి, మొత్తం ఎన్ని నోడ్లు చూసిందో కూడాలి. ఆ మొత్తమే సంతకం. 1982లో బ్రాట్కో, కోపెక్ ఇచ్చిన 24 స్థానాలను ఇందుకు వాడుతున్నాం. వాటికి ఏనుగు ఎండ్‌గేమ్‌లు, బంటు ఎండ్‌గేమ్‌లు కొన్ని కలిపాం. పెట్టెలో, ల్యాప్‌టాప్‌లో ప్రతి స్థానానికీ ఎత్తు, స్కోరు, నోడ్ల సంఖ్య మూడూ కలవాలి. ఒక్క నోడు తేడా ఉన్నా రెండు ప్రోగ్రాములూ ఒకటి కాదు.

తేడా ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం వివరంగా రాస్తున్నాం. ఈ దారిలో వచ్చే ఎవరికైనా ఇవే ఎదురవుతాయి.

అన్నిటికన్నా కనబడకుండా దెబ్బతీసేది చార్, అంటే సీ భాషలో ఒక బైటు సంఖ్యలు పెట్టుకునే రకం. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో జీసీసీ కంపైలర్ చార్‌ను రుణ సంఖ్యలు పట్టేదిగా తీసుకుంటుంది. ఈఎస్‌పీ32లోని ఎక్స్‌టెన్సా ప్రాసెసర్‌కు, లినక్స్ నడిచే ఆర్మ్ బోర్డులకు అదే చార్ 0 నుంచి 255 వరకే. బోర్డులో నల్ల పావులను −1 నుంచి −6 వరకు పెట్టుకుంటే అవి 255, 254 అయిపోతాయి. ఇది పర్ఫ్ట్‌లోనే దొరికిపోతుంది. దొరకనిది గళ్ళ విలువల పట్టిక. గుర్రం మూలన ఉంటే −50 అని రాసుకున్నారనుకోండి, పెట్టెలో అది 206 అవుతుంది. ఎత్తులన్నీ చెల్లేవే, పర్ఫ్ట్ అంకెలన్నీ సరైనవే, కానీ గుర్రం పని వదిలేసి మూలకు పరిగెత్తుతుంది. చూసేవాళ్ళు "చిన్న మెషీన్ కదా, ఇంతే ఆడుతుంది" అనుకుంటారు. సంతకం పోల్చితే మొదటి స్థానంలోనే బయటపడుతుంది. మందు: ప్రతి చోటా ఇంట్8 అని పరిమాణం, గుర్తు స్పష్టంగా ఉన్న రకాలే వాడాలి.

రెండోది క్యూసార్ట్, సీ లైబ్రరీలో వరుస పేర్చే ఫంక్షన్. ఎత్తులను స్కోరు ప్రకారం పేర్చేటప్పుడు సమాన స్కోరున్న రెండు ఎత్తుల్లో ఏది ముందుండాలో సీ ప్రమాణం చెప్పదు. ఒక్కో లైబ్రరీ ఒక్కో వరుస ఇస్తుంది. ఆల్ఫా-బీటాలో వరుస మారితే నోడ్లు మారతాయి. పది పంక్తుల ఇన్సర్షన్ సార్ట్ సొంతంగా రాసుకుంటే సరి. హాష్ పట్టికలో స్థానాలను గుర్తుపట్టడానికి వాడే యాదృచ్ఛిక సంఖ్యల (జోబ్రిస్ట్ కీల) కోసం లైబ్రరీ ర్యాండమ్‌ను పిలిచినా ఇదే తంటా. కీలను పట్టికగా కోడులోనే రాసిపెట్టాలి, లేదా ఎప్పుడూ ఒకే సంఖ్యతో మొదలయ్యే సొంత జనరేటర్ వాడాలి.

మూడోది హాష్ పట్టిక పరిమాణం. ల్యాప్‌టాప్‌లో జాగా ఉంది కదా అని 16 మెగాబైట్లు ఇస్తే కొలిచేది వేరే ప్రోగ్రాము బలం. పెట్టెలోని పట్టికకు ఎన్ని గదులుంటే ల్యాప్‌టాప్‌లోనూ అన్నే ఉండాలి.

మే మొదట: జ్ఞాపకం సరిపెట్టడం

520 కిలోబైట్లు అని కాగితం మీద ఉన్నా, ఒకే ముక్కగా అడిగితే సుమారు 110 కిలోబైట్లకు మించి దొరకదు. అందులోనే హాష్ పట్టిక ఇమడాలి.

మొదటి నమూనాలో ఒక్కో గది 8 బైట్లు: తాళం (స్థానాన్ని గుర్తుపట్టే సంఖ్య) 2, ఎత్తు 2, స్కోరు 2, లోతు 1, గుర్తు 1. ఇలాంటి గదులు 8,192, అంటే 64 కిలోబైట్లు. పొందికగానే ఉంది. చిక్కు 2 బైట్ల తాళంలో ఉంది. 16 బిట్ల తాళం అంటే సంబంధం లేని స్థానం 65,536లో ఒకసారి తప్పుగా సరిపోతుంది. పై స్థాయిలో ఎత్తుకు 3,60,000 నోడ్లు చూస్తుంది. భాగిస్తే ఎత్తుకు ఐదు దాకా తప్పుడు జోడీలు! అన్నీ ఆటను చెడగొట్టవు, కానీ వాటిలో ఒకటి వెతుకులాట మొదలైన చోటికి దగ్గరగా పడితే మంత్రిని ఊరికే ఇచ్చేస్తుంది. తాళాన్ని 32 బిట్లకు పెంచి, గదిని 12 బైట్లు చేసి, అవే 8,192 గదులు ఉంచితే 96 కిలోబైట్లు. ఇప్పుడు తప్పుడు జోడీ వేల ఎత్తులకు ఒకటి. హాష్‌లోంచి వచ్చిన ఎత్తు ఆ స్థానంలో చెల్లుతుందో లేదో చూసే తనిఖీ మాత్రం అయినా తీసేయకూడదు.

స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే జ్ఞాపకం) ఇంకో గండం. ఆర్డ్వినో లూప్ టాస్కుకు ఇచ్చే స్టాక్ 8 కిలోబైట్లు. చదరంగంలో ఒక స్థానంలో గరిష్ఠంగా 218 ఎత్తులు ఉండొచ్చు. ఆ లెక్కన వెతుకులాట దిగే ప్రతి లోతు మెట్టుకూ 256 ఎత్తుల జాబితా స్టాక్ మీద పెడితే, ఎత్తుకు 4 బైట్ల చొప్పున ఒక్కో మెట్టుకు ఒక కిలోబైటు. ఏడెనిమిది మెట్లకే కూలిపోతుంది. చంపుడు ఎత్తుల వెతుకులాట ఎటూ అంతకన్నా లోతుకు దిగుతుంది. ఎత్తులన్నిటికీ ఉమ్మడిగా ఒకే పొడవైన జాబితా పెట్టి, ఒక్కో మెట్టు ఎక్కడ మొదలైందో గుర్తుంచుకుంటే చాలు. వెతుకులాటను 24 కిలోబైట్ల స్టాకుతో విడి టాస్కుగా, కోరు 1 మీద నడపాలి. కోరు 0 మీద నడిపితే అక్కడి ఐడిల్ టాస్కుకు ఊపిరాడక, 5 సెకన్లకు వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఇరుక్కుపోయిందేమో కాపు కాసే భాగం) మొరుగుతుంది. కింది స్థాయిల్లో ఇది ఎప్పటికీ కనబడదు. 30 సెకన్ల స్థాయిలోనే బయటికొస్తుంది.

పెట్టెను కట్‌చెస్‌తో కలపడం

నోడ్ల సంతకం కలిసినా, పెట్టె నిజంగా ఆట ఆడి చూపించాలి. ల్యాప్‌టాప్‌లో చదరంగ ప్రోగ్రాముల మధ్య ఆటలను కట్‌చెస్ అనే ప్రోగ్రాము నడుపుతుంది. పెట్టె, చదరంగ ప్రోగ్రాములు వాడే యూసీఐ భాషలో యూఎస్‌బీ సీరియల్ మీదుగా మాట్లాడుతుంది, వేగం 1,15,200 బాడ్. మధ్యలో చిన్న పైథాన్ వంతెన.

సీరియల్ పోర్టు తెరవగానే డీటీఆర్, ఆర్‌టీఎస్ తీగలు కదిలి బోర్డు రీసెట్ అవుతుంది. పోర్టు తెరిచాక పెట్టె నుంచి "రెడీ ఓకే" వచ్చేదాకా వంతెన కట్‌చెస్‌కు ఏమీ చెప్పకూడదు.

ఆట సాగేకొద్దీ కట్‌చెస్ పంపే ఎత్తుల వరుస పొడవవుతుంది. ఒక్కో ఎత్తుకు ఖాళీతో కలిపి 5 అక్షరాలు. ఈఎస్‌పీ32 సీరియల్ అందుకునే బఫరు మామూలుగా 256 బైట్లు. పెట్టె ఆ సమయానికి తెర గీస్తూ ఉంటే బఫరు నిండి మిగతాది పోతుంది. రెండు వైపుల ఎత్తులూ లెక్కేస్తే ఇది 23వ ఎత్తు దగ్గర మొదలవుతుంది. ఆటలన్నీ ఇరవై ఎత్తుల వరకు బాగుండి, ఆ తర్వాత "చెల్లని ఎత్తు" అని ఓడుతుంటే చూడాల్సింది ఇక్కడే. సీరియల్ మొదలుపెట్టక ముందే బఫరును 2,048కి పెంచాలి.

బఫరు గొడవ తప్పించుకోవడానికి ఎత్తుల వరుసకు బదులు ఫెన్ (ఒక స్థానాన్ని ఒక్క పంక్తిలో రాసే పద్ధతి) పంపడం సులువుగా కనిపిస్తుంది. అలా చేయకండి. ఫెన్‌లో పాత స్థానాలు ఉండవు. ప్రోగ్రాముకు మూడుసార్ల పునరావృతం కనబడదు. ఏనుగు ఎక్కువున్న ఆటను అటూ ఇటూ నడిచి డ్రా చేసుకుంటుంది. తప్పనిసరైతే చివరి చంపుడు లేదా బంటు ఎత్తు దగ్గరి ఫెన్, ఆ తర్వాతి ఎత్తులు కలిపి పంపాలి. అంతకు ముందటి స్థానాలు ఎలాగూ తిరిగి రావు.

మే మధ్య: వేగం, తెర, ఎండ

స్థాయిలను సెకన్లలో నిర్ణయించాలా, నోడ్లలోనా? నోడ్లలోనే అని తేల్చాం. కారణాలు ఈ నెల వాతావరణమే చూపించింది.

మొదట తెర సంగతి. 128 × 64 చుక్కల తెర అంటే 1,024 బైట్లు. ఐ2సీ తీగ మీద బైటుకు 9 బిట్లు. 100 కిలోహెర్ట్జ్ వేగంతో ఒక్కసారి తెరంతా గీయడానికి 92 మిల్లీసెకన్లు. "ఆలోచిస్తోంది, లోతు 6" అని సెకనుకు పదిసార్లు చూపిస్తే ఆ కోరు కాలం దాదాపు అంతా అక్కడే పోతుంది, చదరంగానికి మిగిలేది ఏమీ లేనట్టే. 400 కిలోహెర్ట్జ్‌కు పెంచి, తెర పనిని కోరు 0కి పంపి, సెకనుకు ఒకసారే గీస్తే వేగం తిరిగి వచ్చింది. తెర తీసేసి బల్ల మీద కొలిచిన వేగం పెట్టె వేగం కాదు. అన్నీ బిగించి, బ్యాటరీ మీద నడిపి కొలవాలి.

ఎండ ఈఎస్‌పీ32ను పెద్దగా మార్చదు. అది వేడెక్కితే తనంతట వేగం తగ్గించుకునే రకం కాదు. ఇదే ప్రోగ్రామును పాత ఆండ్రాయిడ్ ఫోన్లలోనో, రాస్ప్‌బెర్రీ పై జీరో 2 లాంటి చిన్న కంప్యూటర్లలోనో నడిపితే అలా కాదు. రాస్ప్‌బెర్రీ పై బోర్డులు చిప్పు 80 డిగ్రీలు దాటగానే వేగం తగ్గిస్తాయి. మేలో మన జిల్లాల్లో నీడలోనే 43, 44 డిగ్రీలు పడే రోజులుంటాయి. రేకుల కింద గదిలో ఫోను చార్జింగులో ఉండి ఆలోచిస్తుంటే మొదటి రెండు నిమిషాల వేగం ఇరవయ్యో నిమిషంలో ఉండదు. తెర ఆరిపోతే ఆండ్రాయిడ్ పనిని చిన్న కోర్ల మీదికి నెట్టేస్తుంది, ఇది ఇంకో లెక్క. ఫోను మీద టెర్మక్స్ అనే యాప్‌లో కంపైల్ చేసి కొలిచేటప్పుడు, ఫోను నిద్రపోకుండా వేక్ లాక్ పెట్టి, విమానం మోడ్ వేసి, చార్జర్ తీసి, కనీసం ఇరవై నిమిషాలు నిమిష నిమిషానికీ వేగం రాసుకోవాలి.

వేగం తగ్గితే బలం ఎంత తగ్గుతుంది? వేగం రెట్టింపైతే 50 నుంచి 70 ఎలో (రేటింగ్) పాయింట్లు అనేది పాత అనుభవం. తక్కువ లోతుల్లో ఇంకా ఎక్కువ. కెన్ థాంప్సన్ తన బెల్ అనే చదరంగ యంత్రంతో 1980ల మొదట్లో చేసిన పరీక్షల్లో ఆ లోతుల దగ్గర ఒక్కో లోతు మెట్టుకు సుమారు 200 పాయింట్లు తేలాయి. 70 అనుకుని లెక్కేస్తే, 20 శాతం వేగం పోతే సుమారు 22 పాయింట్లు, సగం పోతే 70. అచ్చంపేటలో పొద్దుగాల ఆడిన స్థాయికీ మధ్యాహ్నం ఆడిన స్థాయికీ ఆ తేడా రాకూడదు. నోడ్లతో స్థాయి కడితే ఎండలో జవాబు ఆలస్యమవుతుంది, ఆట మారదు. పెట్టెలోనూ ఫోన్‌లోనూ ఒకే స్థాయి ఒకే బలంతో ఉంటుంది.

ఇందులో ఒక చిన్న లోటు ఉంది. పావులు తగ్గాక సెకనుకు చూసే నోడ్లు పెరుగుతాయి. నోడ్ల పరిమితి ఉంటే ఎండ్‌గేమ్‌లో పెట్టె తన 30 సెకన్లూ వాడుకోకుండానే జవాబిస్తుంది. కాస్త బలం వదులుకున్నట్టే. పిల్లలకు ఇచ్చే పెట్టెకు ఆ మాత్రం ఫరవాలేదు.

నోడ్ల సంఖ్యను వేర్వేరు ప్రోగ్రాముల మధ్య మాత్రం పోల్చకూడదు. 2009లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన కోపా మెర్కోసుర్ టోర్నీలో పాకెట్ ఫ్రిట్జ్ 4 ఒక మొబైల్ ఫోన్ మీద నడుస్తూ 10లో 9.5 పాయింట్లు తెచ్చుకుంది. పనితీరు రేటింగ్ 2898. అది సెకనుకు చూసింది 20,000 స్థానాల లోపే. మన పెట్టె వేగం దానికి మరీ దూరం కాదు, బలం మాత్రం చాలా దూరం. తేడా అంతా విలువ కట్టే తెలివిలో, ఏ కొమ్మను వదిలేయాలో తెలియడంలో ఉంది.

మే చివర: ల్యాప్‌టాప్‌లో ఆటలు

నోడ్ల పరిమితితో ఆడే ప్రోగ్రాము ఒకే స్థానంలో ఎప్పుడూ ఒకే ఎత్తు వేస్తుంది. రెండు స్థాయిలను ఆరంభ స్థానం నుంచి వంద ఆటలు ఆడిస్తే వచ్చేవి నిజానికి రెండు ఆటలే, యాభై నకళ్ళు. లెక్క మాత్రం వంద ఆటల ఖచ్చితత్వం ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ఆరేడు ఎత్తుల సమతూకమైన ఓపెనింగులు కొన్ని వందలు తీసుకుని, ఒక్కోదాన్నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడించాలి. అయ్యాక ఆటలు రాసి ఉండే పీజీఎన్ ఫైల్లో నకలు ఆటలు ఉన్నాయేమో వెతికి తీసేయాలి.

కట్‌చెస్‌లో ఓటమి ఒప్పుకోలు సౌకర్యం ఉంది. స్కోరు ఇంత పడిపోతే ఆట ఆపి గెలుపు రాసేస్తుంది. పెద్ద ప్రోగ్రాములకు మంచిదే. వెయ్యి నోడ్లతో ఆడే స్థాయి ఏనుగు ఎక్కువున్నా ఆటకట్టు చేయలేక 50 ఎత్తుల నియమంతో డ్రా అయ్యే సందర్భాలు ఉంటాయి. ఒప్పుకోలు ఆన్ చేస్తే అది సంపాదించని అర పాయింటు దానికి చేరుతుంది. ఆఫ్‌లోనే ఉంచాం. ఎదుటి రాజును అంచుకు తోసే చిన్న విలువను ఎండ్‌గేమ్‌లో కలిపాక ఏనుగుతో ఆటకట్టు కుదిరింది. బిషప్, గుర్రంతో చేసే ఆటకట్టు ఈ పెట్టెకు అందదు.

లెక్క ఇలా. స్కోరు అంటే పాయింట్లు భాగించు ఆటలు. ఎలో తేడా = 400 × లాగ్ (స్కోరు ÷ (1 − స్కోరు)), లాగ్ పది ఆధారంగా. 64 శాతానికి 100, 75 శాతానికి 191, 90 శాతానికి 382, 99 శాతానికి 798. పైకి పోయేకొద్దీ ఒక్కో ఆట విలువ పెరిగిపోతుంది కాబట్టి స్కోరు 25, 75 శాతాల మధ్య ఉండే జోడీలనే నమ్మాలి.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. 400 ఆటల్లో 168 గెలుపు, 84 డ్రా, 148 ఓటమి. పాయింట్లు 210, స్కోరు 0.525, తేడా +17. ఇప్పుడు పొరపాటు హద్దు: గెలుపులకు 1, డ్రాలకు 0.25 వేసి కూడితే 189, దాన్ని 400తో భాగిస్తే 0.4725, అందులోంచి 0.525 వర్గం తీసేస్తే 0.1969. వర్గమూలం 0.444, దాన్ని 400 వర్గమూలం 20తో భాగిస్తే 0.0222. రెండు వైపులా 1.96 రెట్లు తీసుకుంటే స్కోరు 0.4815 నుంచి 0.5685 వరకు, అంటే −13 నుంచి +48 వరకు. ఇరవై ఆటలు ఎక్కువ గెలిచినా "ఇది దానికన్నా మేలు" అని 95 శాతం నమ్మకంతో చెప్పలేం. వెయ్యి ఆటలకు హద్దు ±20 దగ్గరికి వస్తుంది. పెట్టె మీద నేరుగా ఆడించే 60 ఆటలకు సుమారు ±78. కాబట్టి ఆ 60 ఆటల పని రేటింగ్ కట్టడం కాదు. సీరియల్, స్టాక్, వాచ్‌డాగ్ లాంటి చోట్ల ఏదైనా పెద్దది తెగిపోయిందేమో చూపడం. ఇంకా మంచి పరీక్ష ఒకటుంది: ఆ ఆటల్లో పెట్టె వేసిన ప్రతి ఎత్తునూ ల్యాప్‌టాప్‌లో అదే నోడ్లతో మళ్ళీ అడిగి పోల్చడం. ఇందుకు ప్రతి ఎత్తుకు ముందు హాష్ పట్టికను రెండు చోట్లా ఖాళీ చేయాలి, లేదంటే పాత అవశేషాల వల్ల ఎత్తు మారొచ్చు.

జూన్ మొదట: అంకెకు ఆధారం ఎక్కడ

ఇంతవరకు వచ్చినవన్నీ తేడాలే. 1200 అనో 1700 అనో చెప్పాలంటే రేటింగ్ తెలిసిన ప్రోగ్రాములతో ఆడాలి. చదరంగ ప్రోగ్రాములను ఒకదానితో ఒకటి ఆడించి రేటింగులు కట్టే సీసీఆర్‌ఎల్ జాబితాలో ఉన్న చిన్న ప్రోగ్రాములను తీసుకుంటున్నాం. 1700 చుట్టూ ఉండే టీఎస్‌సీపీ వాటిలో ఒకటి. ఒక్కదాని మీద ఆధారపడకూడదు. మన ప్రోగ్రాము ఆట తీరు ఒకరికి కలిసొచ్చి ఇంకొకరికి కలిసిరాకపోవచ్చు. కనీసం ఐదారు ఉండాలి. రేటింగులు లెక్కకట్టే ఆర్డో ప్రోగ్రాముకు వాటి రేటింగులన్నీ ఆధారాలుగా ఇస్తే మిగతావి అది కడుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన అసలు షరతు: ఆ ప్రోగ్రాముల రేటింగు వాటికి ఇచ్చిన సమయానికి చెందింది. సీసీఆర్‌ఎల్ బ్లిట్జ్ అంటే ఇంటెల్ ఐ7-4770కే ప్రాసెసర్ మీద 2 నిమిషాలు, ఎత్తుకు 1 సెకను చొప్పున కలుపుతూ. మన ల్యాప్‌టాప్ అంతకన్నా నెమ్మదైతే ఆ నిష్పత్తిలో సమయం పెంచి ఇవ్వాలి. మనది నోడ్ల మీద ఆడుతుంది, ప్రత్యర్థి గడియారం మీద ఆడుతుంది. అందువల్ల ల్యాప్‌టాప్ వేడెక్కినా, మరేదైనా పని చేస్తున్నా ప్రత్యర్థి ఒక్కటే బలహీనపడుతుంది, మన అంకె ఉబ్బుతుంది.

కరెంటు పోవడం ఇందులో అతి ప్రమాదం. ఆట ఆగదు. ల్యాప్‌టాప్ చప్పుడు లేకుండా బ్యాటరీ మీదికి మారి ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది. పొద్దున చూస్తే ఆటలన్నీ పూర్తయి ఉంటాయి, పైకి ఏ లోపమూ కనబడదు. చార్జరు ఉందో లేదో, ప్రాసెసర్ వేగం ఎంతో నిమిషానికొకసారి ఫైల్లో రాసే చిన్న స్క్రిప్టు పెట్టి, బ్యాటరీ మీద జరిగిన ఆటలను గెలుపోటములు చూడకుండా తీసేస్తున్నాం. చూశాక తీసేస్తే అది వేరే రకం మోసం. నాలుగు కోర్లలో మూడే ఆటలకు, ఒకటి ఖాళీగా. ఆటలు రాత్రి పదికి మొదలై పొద్దున ఆరులోపు ముగియాలి. పెట్టె తనంతట తాను రీసెట్ అయి పోగొట్టుకున్న ఆటను మాత్రం తీసేయం. అది ఓటమే, ఎందుకంటే పిల్లల చేతిలోనూ అదే జరుగుతుంది.

చాలా బలమైన చదరంగ ప్రోగ్రాము స్టాక్‌ఫిష్‌ను బలం తగ్గించి ఆధారంగా పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇటీవలి వెర్షన్లలో దాని ఎలో పరిమితి 1320 దగ్గర మొదలవుతుంది, ఆ అంకెలు 120 సెకన్లు, ఎత్తుకు 1 సెకను అనే సమయానికి సరిచూసినవి. సరిపోల్చుకోవడానికి ఒక ప్రత్యర్థిగా ఉంచాం. అది గొప్ప ఎత్తుల మధ్య కావాలని ఒక చెడ్డ ఎత్తు వేస్తుంది, కాబట్టి దాన్ని ఏకైక కొలబద్దగా పెట్టుకోలేదు.

స్థాయిల నిచ్చెన

పై స్థాయి 3,60,000 నోడ్లు. దాని కింద 1,20,000, 40,000, 13,000, 4,500, 1,500, 500. ఒక్కోటి పై దానిలో సుమారు మూడో వంతు. ఆధార ప్రోగ్రాములతో పై మూడు స్థాయిలే ఆడతాయి. కింది వాటిని పక్క మెట్టుతోనూ, దాని పై మెట్టుతోనూ ఆడించి, అన్ని ఆటలనూ ఒకే పీజీఎన్‌లో ఆర్డోకు ఇవ్వాలి.

ఒకే ప్రోగ్రాము తనతో తాను ఆడినప్పుడు తేడాలు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తాయి. రెండూ ఒకేలా ఆలోచిస్తాయి కాబట్టి లోతుగా చూసేది కొంచెం చూసేదాని ప్రతి ఉద్దేశాన్నీ పసిగడుతుంది. మెట్లన్నీ ఇలా కూడితే కింది స్థాయిల అంకెలు మరీ కిందికి పోతాయి. అందుకే ప్రతి రెండు మెట్లకూ బయటి బలహీన ప్రోగ్రాము ఒకదాన్ని చొప్పిస్తున్నాం.

జూన్ రెండో సగం: మనుషులతో

సీసీఆర్‌ఎల్ 1700 అంటే ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) 1700 కాదు. ఆ జాబితా ప్రోగ్రాముల మధ్య తేడాలు చెబుతుంది, మనుషులతో ముడి వదులుగానే ఉంటుంది. పైగా 2024 మార్చిలో ఫిడే 2000 లోపు రేటింగులన్నీ పెంచింది. 2000కు ఎంత తక్కువుందో అందులో 0.4 వంతు కలిపింది. పాత 1400 కొత్త 1640 అయింది, కనిష్ఠం 1400కు చేరింది. పాత పట్టికలు చూసి కంప్యూటర్ రేటింగును మనిషి రేటింగుగా మార్చే సూత్రాలు ఈ కింది భాగంలో ఇప్పుడు పనికిరావు.

రేటింగ్ ఉన్న ఆటగాళ్ళతో ఆడిస్తే పది ఆటలకు హద్దు ±220. వందకు పైగా ఆటలు, పది మందికి పైగా ఆటగాళ్ళు, ఒక్కొక్కరు రెండు మూడు ఆటలు మించకుండా ఉండాలి. ఒకరే పదే పదే ఆడితే పెట్టె బలహీనత కనిపెట్టి అదే దారిలో ఓడిస్తారు. ఆటలో ఎవరు ఏ స్థాయితో ఆడుతున్నారో వారికి చెప్పకూడదు. ఎత్తులు పెట్టెలోనే రికార్డవుతాయి, రేటింగు ఆట రోజుది రాసుకోవాలి.

స్కూళ్ళు తెరిచాక నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఈ ఆటలు జరపాలి. అప్పటిదాకా పెట్టె మీద పడే స్టిక్కరులో ఫిడే అన్న మాట ఉండదు. స్థాయి సంఖ్య, ఎత్తుకు నోడ్లు, సీసీఆర్‌ఎల్ బ్లిట్జ్ కొలతలో అంకె, దాని పక్కనే అటూ ఇటూ హద్దు, కింద ప్రోగ్రాము వెర్షను, నోడ్ల సంతకం. కోడులో ఒక్క పంక్తి మారి సంతకం మారిందంటే ఆ స్టిక్కరు చెల్లదు, పై మూడు స్థాయిలూ ఆధార ప్రోగ్రాములతో మళ్ళీ ఆడాలి.